గుమ్మడాకులో గౌరమ్మ పసుపు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఖాలా.

మహబూబ్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న ఇల్లు ఆమెది. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో అమ్మకు అక్కో చెల్లెలో. చుట్టరికంతో పని లేకుండా మా గల్లీ అంతా ఆమెను అలాగే పిలిచేది. వాకిలికి ఆ పక్క వాళ్ళ గదులు, ఈ పక్క మా రెండు గదులు, నడుమ ఒక దానిమ్మ చెట్టు. ఖాలా ఎప్పుడు వచ్చినా గడప అవతల నిలబడి, "రావొచ్చునా బిడ్డా?" అని అడిగి గాని లోపలికి అడుగు పెట్టేది కాదు. పొయ్యి దగ్గరికైతే అసలే వచ్చేది కాదు. నా పూజ, నా దీపం సంగతి ఆమెకు తెలుసు. ఆ రోజు మాత్రం అడగకుండా నేరుగా వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నేను జొన్నరొట్టె కాలుస్తున్నాను.

"పొయ్యి ఆర్పు బిడ్డా," అంది.

"పెనం మీద రొట్టె ఉన్నది ఖాలా."

"రొట్టె నేను దించుత. నువ్వు ఆర్పు."

కాలుతున్న రొట్టెను ఒట్టి చేత్తో తీసి పక్కన పెట్టింది. తర్వాత పిండి అంటిన నా చేతులు రెండూ అలాగే తన ఒళ్ళోకి తీసుకుని చెప్పింది.

"భువనగిరి నుంచి టెలిఫోన్ ఆఫీసుకు ఫోన్ వచ్చిందంట. ఆఫీసోళ్ళు దుకాణంల మా పెద్దోనికి చెప్పిపోయిండ్రు. మీ వదిన ఇగ లేదు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి జర ఒరుగుత అన్నదంట. మళ్ళ లేవలే."

వదిన ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో. జిల్లాలో ఎవరింట పుట్టినా, ఎవరింట పోయినా ఆ కబురు ఆమె చేతిలోని తీగల గుండా పోవలసిందే. ఆమె కబురు మాత్రం తీగ దాటి, దుకాణం దాటి, చెప్పులు లేని కాళ్ళతో నడిచి నా దగ్గరికి వచ్చింది. తెచ్చిన మనిషి ఖాలా అయినందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. మరొకరైతే గడప అవతలి నుంచే చెప్పి పోయేవారు.

వదిన అంటున్నానే గాని ఆమె నాకు చుట్టం కాదు.

మాది కేతేపల్లి దగ్గర ఒక పల్లె. బడికి పోయిన పిల్లను కాదు నేను. మా బాపు చాటలో జొన్నలు పోసి, నా వేలు పట్టి వాటి మీద అక్షరాలు దిద్దించాడు. తప్పు రాస్తే చాట ఒకసారి ఊపేవాడు, అంతే, తప్పు పోయేది. అలా నేర్చుకున్న చదువే నాది. పెళ్ళి చేశారు. కాపురం సరిగ్గా మొదలు కాకముందే ఆయన జ్వరంతో పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చాను. బాపు పోయాక నల్లగొండలో అన్న ఇంటికి చేరాను. వంట, పిల్లలు, గిన్నెలు. అన్న మంచివాడే. ఇంట్లో నాకు తిండికి తక్కువ లేదు, మాటకు తక్కువ.

ఎనభైల మొదట్లో ఆ గల్లీలోనే ఒక గది తీసుకుని ఒక ఆమె ఒంటరిగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఆఫీసులో పని. నా కంటే కాస్త పెద్దది. నీళ్ళ కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడితే నా చేతిలోని వారపత్రికను చూసి, "ఏం చదువుతున్నవే?" అని అడిగింది. అంతవరకు నేను ఏం వండానో అడిగినవాళ్ళే గాని ఏం చదువుతున్నానో అడిగినవాళ్ళు లేరు. బిందె నిండి పొర్లిపోయింది. వెనక ఉన్న ఆమె తిట్టింది. మేమిద్దరం నవ్వాం.

ఆమెకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. వెళ్ళే ముందు అన్న దగ్గరికి వచ్చి, "నాకు వండిపెట్టెటోళ్ళు లేరన్నా. డ్యూటీలు ఎప్పుడు పడితె అప్పుడు ఉంటయి. మీ చెల్లెను పంపితె నా చెల్లె లెక్క చూసుకుంట," అంది. అన్న తల పంకించాడు. మా ఇంట్లో ఒక జాగా ఖాళీ అయింది, ఆమె ఇంట్లో నిండింది. అందరికీ మంచే జరిగింది.

చెల్లె అని అన్న ముందు అన్నదే గాని, బస్సెక్కాక, "నన్ను అక్కా అని పిలువకు," అంది.

"మరి ఏమని పిలవాలె?"

"నువ్వే చెప్పు."

నాకు కూడా అక్కా అనడానికి నోరు రాలేదు. "వదినా అంట," అన్నాను. మా వైపు వదినా మరదళ్ళంటే వేళాకోళం, సరసం, అలక, అన్నీ చెల్లుతాయి. ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె నవ్వి, కండక్టర్ చూడకుండా నా చేయి పట్టుకుంది. అదే మా పెళ్ళి అనుకుంటాను. అప్పుడు అలా అనుకునే ధైర్యం లేదు. అది ప్రేమ అని తెలియడానికి మాత్రం నాకు ఎక్కువ కాలం పట్టలేదు. ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే పళ్ళెంలో తిన్నాం, ఒకరి జ్వరానికి ఇంకొకరం మేల్కొన్నాం. మొగుడూ పెళ్ళాలకు ఉండే అలకలు మాకూ ఉండేవి, ఆ అలకలు తీరడం కూడా వాళ్ళకు లాగే ఉండేది. ఇంతకంటే వివరంగా రాయడం నా సంస్కారం కాదు. చదివేవారికి తెలుస్తుంది.

కబురు విన్న రోజు ఖాలా నన్ను ఒంటరిగా పోనివ్వలేదు. బుర్ఖా వేసుకుని నాతో బస్సెక్కింది. హైదరాబాద్‌లో బస్సు మారి భువనగిరి చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు వేసిన పెళ్ళి పందిరి కిందే మనుషులు కూర్చుని ఉన్నారు. వదిన అన్న కూతురి పెళ్ళి కోసం వేసిన పందిరి అది. ఆ పనుల కోసమే వదిన పోయింది.

పెరట్లో ఆడవాళ్ళు కూర్చున్నారు. నేనూ ఒక మూల కూర్చున్నాను.

"ఈమె ఎవలు?" అని ఎవరో అడిగారు.

"ఆడ మహబూబ్‌నగర్ల వండిపెడుతుండె," అంది ఇంటావిడ.

అది అబద్ధం కాదు. పదేళ్ళకు పైగా వండిపెట్టాను. వాళ్ళు ఖాలాను చూసి ఆమే వదినకు ప్రాణ స్నేహితురాలు అనుకున్నారు. అంత దూరం నుంచి తురకామె వచ్చిందంటే ఎంత ప్రేమో అని, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళందరూ ఖాలా చేతులు పట్టుకుని ఏడ్చారు. ఖాలా ప్రతిసారీ ఆ చేతులు తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"నాకు గాదమ్మా, గీమెకు చెప్పుండ్రి. పోయింది గీమెకు."

వాళ్ళకు అర్థం కాలేదు. మర్యాద కోసం నా చేయి కాసేపు పట్టుకుని వదిలేశారు.

భర్త పోయినప్పుడు నా ఒంటి మీది గాజులు, బొట్టు, పసుపు అన్నీ తీసేశారు. ఈసారి తీయడానికి ఏమీ మిగల్లేదు. చూసేవాళ్ళకు నేను వెళ్ళినప్పుడు ఎలా ఉన్నానో వచ్చినప్పుడూ అలాగే ఉన్నాను. తిరుగు ప్రయాణంలో ఖాలా తస్బీ పూసలు తిప్పి జపం చేసుకుంటూ ఒక్క మాట అంది. "ఏడుపు రాకుంటె బలవంతం జెయ్యకు. అదే వస్తది."

అది చాలా నెలలకు గాని రాలేదు.

దీపం గురించి చెప్పాలి. చిన్నప్పుడు బాపు నాకు ఒక అలవాటు చేశాడు. సందెవేళ దీపం పెట్టాక చేతులు జోడించి ఏదీ అడగకూడదు. ఆ రోజు జరిగిన ఒక మంచి సంగతి దీపానికి చెప్పాలి. "దేవునికి అడుక్కునేటోళ్ళు మస్తుమంది ఉన్నరు బిడ్డా. మంచి ముచ్చట చెప్పెటోళ్ళే లేరు. నువ్వు చెప్పు," అనేవాడు. మొదటి కాన్పు గేదె గురించి, కొత్త వాన గురించి, పుండు మానిన కాలు గురించి చెప్పేదాన్ని. వైధవ్యంలోనూ చెప్పాను. వదిన వచ్చాక ముచ్చట్లు ఎక్కువై దీపం ఆరేదాకా కూర్చునేదాన్ని. "ఇంక ఎంతసేపు చాడీలు చెప్తవే దేవునికి? ఆకలైతాంది," అని వెనక నుంచి అనేది వదిన.

ఆమె పోయాక దీపం పెట్టడం మానలేదు. చెప్పడానికి మాత్రం ఏమీ దొరకలేదు. ఊరికే కూర్చుని లేచేదాన్ని. ఒక సాయంత్రం, ఈరోజు మంచి లేకపోతే పాత మంచి చెప్పకూడదా అనిపించింది. కొళాయి దగ్గర పొర్లిన బిందె సంగతి చెప్పాను. అప్పుడు వచ్చింది ఏడుపు. మరునాడు బస్సు సంగతి చెప్పాను. ఇంకో రోజు మన్యంకొండ గుడి మెట్లెక్కుతూ వదిన సగం దారిలో కూర్చుని, "స్వామీ, మిగిలిన సగం నువ్వు దిగిరా," అని కేకేసిన సంగతి. చెప్పిన ముచ్చట మళ్ళీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాను. దాంతో ఏది చెప్పానో గుర్తుండడానికి రాసుకోవడం మొదలుపెట్టాను. రాస్తున్న కొద్దీ అది కథ వైపు నడిచింది.

కథ రాయమని వదిన ఎప్పుడో అడిగింది. ఆమె ఆఫీసులో తోటివాళ్ళు చదివిన వారపత్రికలు తెచ్చేది. మధ్యాహ్నాలు నేను సీరియల్ పైకి చదివితే వదినా ఖాలా వినేవారు. ఖాలాకు తెలుగు చదవడం రాదు, వినడం మాత్రం బాగా వచ్చు. అడకత్తెరతో పోకచెక్కలు కత్తిరించుకుంటూ దానిమ్మ నీడలో కూర్చునేది.

"గీ హీరోలంత ఒక్క తీరే ఉన్నరేందే," అనేది వదిన. "కారు, కోపం, నల్లద్దాలు. ఒక్కడన్న కూర కోస్తడా?"

"కోస్తె హీరో ఎట్లయితడు?" అనేది ఖాలా.

"నువ్వు రాయవే ఒక నవల," అని వదిన నా మీద పడేది. "నీ హీరోతోని కూర కోయించు."

"నా హీరోకు కారు ఉండది," అనేదాన్ని నేను.

"వద్దులే. నడిపిచ్చుకుంట తీస్కపో."

అందుకే రాయడం మొదలుపెట్టినప్పుడు నా హీరోకు కారు పెట్టలేదు. తపాలా ఆఫీసులో గుమాస్తాను చేశాను. అప్పటికి నాకు యాభై దాటాయి. ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమ కథ నేను ఎక్కడా చదివి ఎరగను. కథ అంటే ఒక ఆడ, ఒక మగ. వదినకు ధోవతి కట్టి మీసం పెడితే తప్ప కథలోకి రానివ్వరని అనుకున్నాను. ఎవరూ నాకు అలా చెప్పలేదు. నేనే అనుకున్నాను. అతనికి వదిన నడక ఇచ్చాను. గొడుగు పట్టుకుని రెండడుగులు ముందు నడుస్తూ, మాటిమాటికి వెనక్కి తిరిగే నడక. ఉప్పు చూడమంటే నా అరచేతిలోనుంచే నాకి చూసే అలవాటు ఇచ్చాను. ఫోనులో మాట్లాడినట్టు ప్రతి మాటకూ ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం కూడా ఇచ్చాను.

రాసింది రాసినట్టు మధ్యాహ్నాలు ఖాలాకు చదివి వినిపించేదాన్ని. వినేవాళ్ళు లేకుండా చదవడం నాకు చేతకాదు. ఆమె వయసు అప్పటికి బాగా మళ్ళింది. చెయ్యి వణికినా అడకత్తెర ఆగేది కాదు.

"మంచోడున్నడు," అంది మొదటి రోజు. "గిసుంటి మొగోడు యాడ దొరికిండు నీకు?"

"కథ ఖాలా."

"ఊ," అంది. ఇంకో రోజు, అతను హీరోయిన్ తలకు నూనె రాసి చిక్కులు తీసే చోట, "మీసాలున్నయా నీ హీరోకు?" అని అడిగింది.

"ఉన్నయి."

"ఏమో బిడ్డా. నాకైతె అగుపడుతలేవు."

నేను నవ్వేసి ముందుకు చదివాను. ఆమె ఎందుకన్నదో ఆలోచించలేదు.

ఇప్పుడు సద్దుల బతుకమ్మ, అంటే బతుకమ్మ పండుగ చివరినాటి సంగతి చెప్పాలి. ఇక్కడి ఆడవాళ్ళకు కొత్త కాదు గాని, దూరాన ఉండి చదివేవారి కోసం చెబుతున్నాను. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మ మీద పసుపు ముద్దతో గౌరమ్మను చేసి, గుమ్మడాకులో పెడతారు. ఆడిపాడి బతుకమ్మను నీళ్ళలో వదిలే ముందు గౌరమ్మను తీసి దాచుకుంటారు. ఆ పసుపును పుస్తెలకు రాసుకుంటారు, ఒకరి చెంపలకు ఒకరు పూసుకుంటారు. ఆడవాళ్ళ చేతి నుంచి ఆడవాళ్ళ చెంపకు పోయే పసుపు అది. నాలాంటి విధవలకు పూయరు. నేను ఆ సాయంత్రం ఇంట్లోనే ఉండేదాన్ని. పూలు తెంపడం, పేర్చడం దాకా నా చేతులు పనికి వచ్చేవి. చెరువు దగ్గరికి మాత్రం పోయేదాన్ని కాదు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. పోకపోవడమే అలవాటు.

వదిన గల్లీ ఆడవాళ్ళతో పోయి వచ్చేది. చీకటి పడేవేళ తిరిగి వస్తూ కొంగు చాటున గుమ్మడాకు మడత తెచ్చేది. నన్ను గడప లోపల నిలబెట్టి, మడత విప్పి, మిగిలిన గౌరమ్మ పసుపును నా రెండు చెంపలకూ రాసేది.

"గౌరమ్మ నిన్ను అడిగింది," అనేది. "రాలేదేందని."

మహబూబ్‌నగర్ వచ్చిన మొదటి ఏడు నేను ఆమె చెయ్యి ఆపబోయాను. "నాకు పూయొద్దు వదినా," అన్నాను. "గౌరమ్మ చెప్పిందా నీకు, వద్దని?" అని అడిగింది. ఆపబోయిన చెయ్యి దించేశాను. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు. రాత్రంతా ఉంచుకుని, తెల్లవారి కడుక్కునేదాన్ని. భర్త పోయిననాడు నా నుంచి ఏది తీసుకున్నారో దాన్ని ఆమె ఏటా ఒకసారి తెచ్చి ఇచ్చేది.

ఈ ముచ్చటను నవలలో రాయకుండా ఎలా ఉంటాను? రాశాను. నా గుమాస్తా చెరువు దగ్గరి నుంచి గుమ్మడాకులో గౌరమ్మ పసుపు తెచ్చి, గడపలో నిలబడిన విధవ చెంపలకు పూశాడు. రాసేటప్పుడు నా కళ్ళకు వదినే కనబడుతోంది. మీసం పెట్టింది నేనేనని మరిచిపోయాను.

ఆ మధ్యాహ్నం ఖాలాకు అది చదివాను. చదువుతూ చదువుతూ, చుట్టూ ఏదో లోటు తోచింది. అడకత్తెర చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళ చదువు," అంది ఖాలా.

చదివాను.

"మొగోనికి గౌరమ్మ పసుపుతోని ఏం పని బిడ్డా?"

"ఆడవాళ్ళెవరో ఇచ్చిండ్రనుకో," అన్నాను.

"ఎవలిస్తరు? మొగోళ్ళు పూలు కోసుకొస్తరు, అంతే. నేను తురకదాన్నే గాని గీ గల్లీల పుట్టి పెరిగిన. నా పరదా ఎనకకెల్లి ఏటా చూస్తున్న. గుమ్మడాకు ఎవలు తెచ్చిండ్రో, గా గడపల ఎవలు నిలవడ్డరో, నాకెరుకలే అనుకుంటున్నవా?"

కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు ఆ రెండు గదులు తప్ప వేరే ఇల్లు లేదు. అన్న ఇంటికి తిరిగి పోవడమంటే గిన్నెల దగ్గరికి పోవడం. దానికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఖాలా ఇప్పుడు అసహ్యంగా ఒక్క మాట అంటే, వదినతో గడిపిన ఆ ఏళ్ళన్నీ ఆ మాట కిందికి పోతాయి. ఆ ఏళ్ళను చూసిన మనిషి భూమి మీద ఆమె ఒక్కతే.

ఖాలా లేచి తన వైపు పోయింది. అయిపోయింది అనుకున్నాను. కాస్త సేపటికి రెండు కప్పుల్లో చాయ్ పట్టుకుని వణికే చేతులతో వచ్చింది. సగం సాసర్లో ఒలికిపోయింది.

"తాగు," అంది. "కోపమొచ్చింది నాకు."

"ఎందుకు ఖాలా?"

"భువనగిరిల గా ఆడోళ్ళు ఏం జేసిండ్రు? నిన్ను వంటామెను జేసిండ్రు. నాకు గుండె మండింది. ఇప్పుడు నువ్వేం జేస్తున్నవ్? దాన్ని గుమాస్తాను జేసినవ్. వాళ్ళకు నీకు ఫరక్ ఏంది?"

కప్పు పక్కన పెట్టాను.

"తప్పు గాదా ఖాలా?" అని అడిగాను. నవల గురించి అడిగానో మా గురించి అడిగానో నాకే తెలియదు.

ఆమె దానిమ్మ చెట్టు వైపు తిరిగింది. "నాకు చదువు లేదు. మా కితాబుల ఏమున్నదో మౌల్వీ సాబ్ చెప్తడు, మీ దాంట్ల ఏమున్నదో మీ అయ్యగారు చెప్తడు. నా ఇంట్ల ఏమున్నదో నేను చెప్త. మీరిద్దరున్నన్ని దినాలు గీ వాకిట్ల ఒక్క చెడ్డ మాట వినపడలే. నేను పడకల పడ్డప్పుడు నాకు గంజి తాగిపిచ్చింది అదీ నువ్వూ. నేను నమాజుల కూసున్నప్పుడు మీ ఇద్దరి పేరు ఒక్కసారే తీసిన. అల్లా నన్నెన్నడు గద్దించలే." సాసర్లో ఒలికిన చాయ్ తాగేసి మళ్ళీ అంది. "రాస్తె దాన్ని రాయి. లేకుంటె రాయకు. మీసాలు మాత్రం పెట్టకు. దానికి నప్పుతలేవు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే ఆమె పైటతో కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం దీపానికి చెప్పిన మంచి సంగతి అదే.

రాసిన కాగితాలన్నీ పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాను. అతను అని ఉన్నచోటల్లా ఆమె అని మార్చితే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. గుమాస్తాగా ఉన్నప్పుడు అతను దేనికీ భయపడలేదు. ఆడదాన్ని చేయగానే, కిరాయి ఇల్లు అడగడానికి పోయినప్పుడు ఏమని చెప్పుకోవాలో తెలియక గుమ్మం ముందు నిలబడిపోయింది. బస్సులో చేయి పట్టుకోవడానికి కండక్టర్ అటు తిరిగేదాకా ఆగింది. అలా ఆగిన చోటల్లా కథకు ప్రాణం వచ్చింది. బాపు చాట ఊపినట్టు, తప్పు పోయి జొన్నలు మిగిలాయి.

తప్పా కాదా అని దేవుడిని అడగలేదా అంటే, నియమం తప్పి ఒక్కసారి అడిగాను. మన్యంకొండ పోయి, వదిన కూర్చున్న మెట్టు మీదే కూర్చుని అడిగాను. ఏ జవాబూ రాలేదు. ఒక ముసలామె నా పక్కన చతికిలబడి, "కాళ్ళు గుంజుతున్నయమ్మా, జర నీళ్ళున్నయా?" అంది. ఇచ్చాను. తాగి, "సల్లగుండు," అంది. నాకు ఆ మాట చాలింది. మిగిలిన మెట్లు ఎక్కాను.

నవలను ఒక వారపత్రికకు పంపాను. తిరిగి వచ్చింది. రచన బాగుందని, పాఠకులు కుటుంబంతో కలిసి చదువుతారు గనుక పెద్దామె పాత్రను మగవాడిగా మార్చి పంపితే సీరియల్‌గా వేస్తామని ఎంతో మర్యాదగా రాశారు. ఖాలాకు చదివి వినిపించాను.

"ఆ మొగోణ్ణి మనం ఎప్పుడో పంపిచ్చేసినమని రాయి," అంది.

అంత ధైర్యంగా రాయలేదు. మార్చలేనని, చదివినందుకు కృతజ్ఞతలని రాశాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళు అడిగింది నేను మొదట చేసిందే కదా. తర్వాత చాలాకాలం పెట్టెలో ఉంది. చివరికి హైదరాబాద్‌లో కొందరు ఆడవాళ్ళు కలిసి నడిపే చిన్న పత్రికవాళ్ళు చదివి, పుస్తకంగా వేస్తామన్నారు. ఏమీ మార్చమనలేదు. మీ హీరోయిన్లు కూర బాగా కోస్తారు అని మాత్రం రాశారు. వదిన వింటే ఎగిరి గంతేసేది.

పుస్తకాలు వచ్చిననాటికి ఖాలా మంచం దిగడం లేదు. చూపు కూడా బాగా తగ్గింది. ఒక ప్రతి ఆమె చేతిలో పెట్టాను. వాసన చూసింది. బరువు చూసింది.

"పసుపు ఏ పేజిల ఉన్నది?" అంది.

తీసి చూపించాను. ఆమె వేలు పట్టి ఆ పంక్తి మీద పెట్టాను, బాపు నా వేలు పట్టి జొన్నల మీద పెట్టినట్టు. పోకచెక్కల రంగు పట్టిన ఆ వేలు అలాగే కాసేపు ఉంచింది.

"పూసిందా?"

"పూసింది ఖాలా."

"ఎవలు?"

"వదిన."

"ఆఁ," అని కళ్ళు మూసుకుంది. "ఇగ చదువు."

మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ వారం పది రోజులూ మధ్యాహ్నం కాస్త కాస్త చదివాను. పూర్తయ్యేదాకా ఆమె ఉంది. అది నా భాగ్యం.

ఇప్పుడు పండుగ వచ్చినప్పుడల్లా ఖాలా కోడలు వాకిట్లో కుర్చీ వేసుకుని నాతో కూర్చుంటుంది. గల్లీ ఆడవాళ్ళు పాటలు పాడుకుంటూ పోతుంటారు. నా చెంపలకు ఎవరూ పూయరు. దానికి నాకు దిగులు లేదు. నా వాటా నాకు ముట్టింది. గుమ్మడాకు కనబడితే మాత్రం చెంప మీద ఇంకా చల్లగా తగులుతుంది.

చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. దీపం ముందు అడగకూడదని బాపు చెప్పాడు గాని, మిమ్మల్ని అడగవచ్చు. సద్దులనాడు చెరువు దగ్గర గౌరమ్మను బతుకమ్మ మీది నుంచి చేతిలోకి తీసుకున్నప్పుడు, ఆ పసుపులో చిటికెడు ఆకులో మిగల్చండి. ఇంటి గడప లోపల ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ళ చెంపకు పూయండి. పూసేటప్పుడు, గొంతు సవరించుకుని మాట్లాడే ఒక టెలిఫోన్ ఆఫీసు ఆమెను, నా వదినను, ఒక్కసారి తలచుకోండి. వదినా అన్నది చుట్టరికం కాదని మీకు తెలుసు కదా. అది తెలిసి తలచుకోండి.